ఫుట్‌బాలా, బేస్‌బాలా? కాలేజీయా, కాంట్రాక్టా?: అమెరికా హైస్కూల్లో రెండు ఆటలాడే పిల్లవాడి ఇంటివాళ్లకు సమగ్ర మార్గదర్శి

డాలస్‌కు ఉత్తరాన, మన తెలుగువాళ్లు దండిగా ఉన్న ప్లేనో, ఫ్రిస్కోల పక్కనే అలెన్ ఉంది. అక్కడి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కైలర్ మర్రీ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి దాడిని నడిపేవాడు) 42 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. బేస్‌బాల్లోనూ అంతటివాడే. అయినా 2015లో తనను డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) తీసుకోవద్దని ముందే చెప్పేసి కాలేజీకి వెళ్లాడు. 2018లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ బేస్‌బాల్ క్లబ్ అతణ్ణి 9వ స్థానంలో తీసుకుంది. బోనస్ దాదాపు 46.6 లక్షల డాలర్లు, పైగా ఒక సీజన్ ఫుట్‌బాల్ ఆడుకునే వీలు కూడా ఇచ్చింది. ఆ సీజన్లోనే కాలేజీ ఫుట్‌బాల్లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. 2019లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక అతడే. అప్పటికి చేతికొచ్చిన 15 లక్షల బేస్‌బాల్ బోనస్‌లో 12.9 లక్షలు వెనక్కి ఇచ్చేశాడు.

ఇంకో పక్క బబ్బా స్టార్లింగ్. 2011లో నెబ్రాస్కా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ సీటు వదులుకుని, 5వ స్థానంలో ఎంపికై 75 లక్షల డాలర్లకు కాన్సస్ సిటీ రాయల్స్‌తో సంతకం చేశాడు. బేస్‌బాల్లో అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడింది 2019లో. అది తప్పు నిర్ణయమని తేలిగ్గా అనేయలేం. 75 లక్షలు 75 లక్షలే కదా.

ఇలాంటి ఇంట్లో "ఏ ఆట?" అన్న చర్చ తొందరగా మొదలై ఎటూ తేలదు. దానికంటే ముందు కాగితం మీద రాసుకోవాల్సింది ఒకటుంది: ఏ తలుపు ఏ తేదీన మూసుకుంటుంది, మూసుకున్నది మళ్లీ తెరుచుకుంటుందా. ఇందులో రాసిన నియమాలు, అంకెలు 2025 నాటివి. మేజర్ లీగ్ బేస్‌బాల్ కార్మిక ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఆ తర్వాత డ్రాఫ్ట్‌కు వెళ్లే పిల్లలు కొత్త ఒప్పందాన్ని చూసుకోవాలి.

మెట్టు 1: తలుపుల పట్టిక రాయండి

ఎన్‌ఎఫ్‌ఎల్‌కు హైస్కూల్ నుంచి నేరుగా దారి లేదు. హైస్కూల్ విడిచి మూడేళ్లు గడవాలి. కాబట్టి ఫుట్‌బాల్ అంటే కాలేజీయే.

బేస్‌బాల్ అలా కాదు. హైస్కూల్ పూర్తయిన జూలైలోనే 20 రౌండ్ల డ్రాఫ్ట్ ఉంటుంది. అప్పుడు సంతకం చేయకుండా నాలుగేళ్ల కాలేజీలో చేరితే, మూడో ఏడాది పూర్తయ్యే దాకా, లేదా 21 ఏళ్లు నిండే దాకా, మళ్లీ డ్రాఫ్ట్‌కు అర్హత రాదు. రెండేళ్ల జూనియర్ కాలేజీలో చేరితే ఏటా అర్హత ఉంటుంది. బ్రైస్ హార్పర్ చేసింది అదే. హైస్కూల్ రెండో ఏడాది తర్వాతే సమానార్హత పరీక్ష రాసి, సదరన్ నెవాడా కాలేజీలో ఒక సీజన్ ఆడి, 2010లో మొదటి ఎంపికయ్యాడు. అతడికి ఉన్నది ఒకటే ఆట. రెండు ఆటలవాడు ఆ దారి పడితే పెద్ద యూనివర్సిటీ ఫుట్‌బాల్ చేజారుతుంది.

ఇక వెనక్కి తిరిగే దారులు. ఒక ఆటలో ప్రొఫెషనల్ అయినవాడు ఇంకో ఆటలో కాలేజీ తరఫున ఆడటానికి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంటుంది. క్రిస్ వింకీ ఆరేళ్లు టొరంటో బ్లూ జేస్ మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది మెట్లు) జట్లలో ఆడి, ఫ్లోరిడా స్టేట్‌కు తిరిగొచ్చి, 2000లో 28 ఏళ్ల వయసులో హైస్మన్ గెలిచాడు. బ్రాండన్ వీడెన్ యాంకీస్ బేస్‌బాల్ క్లబ్ దగ్గర పిచర్‌గా (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) మొదలై, ఓక్లహోమా స్టేట్ మీదుగా 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి రౌండులో ఎంపికయ్యాడు. అంటే బేస్‌బాల్ ముందు, ఫుట్‌బాల్ తర్వాత అన్న వరస సాధ్యమే. ఫుట్‌బాల్ ముందు పెట్టుకుంటే కష్టం. మూడు నాలుగేళ్లు నాణ్యమైన పిచింగ్ ఎదుర్కోని బ్యాటర్ 22 ఏళ్లకు మళ్లీ మొదటి గడి నుంచి రావాలి, ఆపాటికి తోటివాళ్లు డబుల్-ఏ (మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింది లీగ్) దాటి ఉంటారు.

ఇక్కడొక మెలిక. కాలేజీ ఆటల్లో పై శ్రేణి అయిన డివిజన్ 1లో ఆడే అర్హతకు ఐదేళ్ల గడియారం ఉంది. అది ఏ కాలేజీలోనైనా పూర్తికాల విద్యార్థిగా చేరిన రోజున మొదలవుతుంది. మైనర్ లీగ్‌లో ఉన్న కుర్రాడు, శీతాకాలం ఖాళీయే కదా అని ఊరి కాలేజీలో పూర్తికాలం చేరితే, తెలియకుండానే ఫుట్‌బాల్ గడియారం తిప్పినట్టు. చదవాలనిపిస్తే పార్ట్‌టైమ్‌గానే చేరాలి, అదీ ఎన్‌సీఏఏ నియమాలు తెలిసినవాళ్లను అడిగాకే.

మెట్టు 2: తొమ్మిదో తరగతి నుంచే కోర్సుల లెక్క

మన ఇళ్లలో ఇది పెద్ద సమస్య కాదు, కానీ తప్పు మార్కుల్లో కాదు, కోర్సుల్లో జరుగుతుంది. డివిజన్ 1కు 16 కోర్ కోర్సులు కావాలి: ఇంగ్లిష్ 4, ఆల్జీబ్రా 1 లేదా ఆపై స్థాయి లెక్కలు 3, సైన్స్ 2, ఈ మూడింట్లోంచి అదనంగా 1, సోషల్ 2, మిగతావి 4. వీటిలో 10 సీనియర్ ఏడాది (పన్నెండో తరగతి) మొదలయ్యేలోపు పూర్తవ్వాలి. ఆ పదిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌వే అయ్యుండాలి. ఈ కోర్ కోర్సుల్లో జీపీఏ (సగటు గ్రేడు) కనీసం 2.3 ఉండాలి. శాట్, యాక్ట్ స్కోర్లు 2023 నుంచి ఎన్‌సీఏఏ అర్హతకు అక్కర్లేదు, కాలేజీ అడ్మిషన్‌కు మాత్రం కావాల్సి రావచ్చు.

గట్టిగా దెబ్బ తగిలేది ఆ 10/7 నియమం దగ్గరే. ఆ ఏడు కోర్సుల మార్కులు సీనియర్ ఏడాది మొదలయ్యాక గట్టిపడిపోతాయి, మళ్లీ రాసి జీపీఏ పెంచుకోలేరు. ఆన్‌లైన్ కోర్సు తీసుకునే ముందు, అది ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో మీ స్కూల్ పేరు కింద ఉందో లేదో కౌన్సిలర్‌తో చూపించుకోండి.

మెట్టు 3: చేతికి సెలవు

క్వార్టర్‌బ్యాకూ వాడే, పిచరూ వాడే అయిన ఇంట్లో ఇది అన్నిటికంటే ముందు చదవాలి. రెండు ఆటలు ఆడితే శరీరానికి మార్పు దొరుకుతుందని అంటారు. కాళ్లకు, నడుముకు నిజమే. విసిరే భుజానికి మాత్రం కాదు. వసంతంలో పిచింగ్, వేసవిలో టోర్నమెంట్లు, శరదృతువులో వారానికి ఐదు రోజులు బంతి విసరడం అంటే ఏడాదంతా ఒకటే చెయ్యి పనిచేస్తోంది.

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనలు ఇవి: 17, 18 ఏళ్లవారికి రోజుకు గరిష్ఠంగా 105 పిచ్‌లు, 15, 16 ఏళ్లవారికి 95. 17, 18 ఏళ్లవాళ్లు 80 దాటితే 4 రోజుల విశ్రాంతి, 61–80కి 3, 46–60కి 2, 31–45కి 1. ఏడాదికి 100 ఇన్నింగ్స్ మించకూడదు. పోటీ పిచింగ్‌కు ఏడాదిలో 4 నెలలు విరామం, అందులో వరసగా 2 నుంచి 3 నెలలు తలపైనుంచి విసిరే పనే ఉండకూడదు. ఈ ఆఖరి వాక్యంలో ఫుట్‌బాల్ కూడా లెక్కే. నవంబర్‌లో ప్లేఆఫ్‌లు అయ్యాక డిసెంబర్, జనవరి పూర్తిగా చెయ్యి దించేయాలి. సరిగ్గా అప్పుడే "వింటర్ వెలాసిటీ ప్రోగ్రామ్" (శీతాకాలంలో విసిరే వేగం పెంచే శిక్షణ) అంటూ ప్రైవేటు కోచ్‌లు అమ్మకానికి దిగుతారు. వద్దనండి.

ఇద్దరు కోచ్‌లూ ఒకరి లెక్క ఒకరికి చెప్పుకోరు. ఆ లెక్క ఇంట్లోనే, తేదీ వారీగా, ఒకే షీట్‌లో ఉండాలి. పిచ్ చేయని రోజు క్యాచర్‌గా (బంతి పట్టి తిరిగి విసిరేవాడు) పెట్టడానికి ఒప్పుకోకండి.

మెట్టు 4: ఏడాది క్యాలెండర్, డిసెంబర్ ఉచ్చు

బేస్‌బాల్ కాలేజీ కోచ్‌లు పిల్లవాడితో నేరుగా మాట్లాడగలిగేది జూనియర్ ఏడాదికి (పదకొండో తరగతి) ముందు ఆగస్టు 1 నుంచి. ప్రో స్కౌట్లు (క్లబ్‌ల తరఫున ఆటగాళ్లను వెతికేవాళ్లు) చూసే పెద్ద వేదికలు జూనియర్, సీనియర్ ఏడాదుల మధ్య వేసవిలో వస్తాయి. ఆగస్టు ప్రాంతంలో ఏరియా కోడ్ గేమ్స్, ఈస్ట్ కోస్ట్ ప్రో. అదే ఆగస్టులో ఫుట్‌బాల్ క్యాంప్ మొదలవుతుంది. రెండూ పూర్తిగా కుదరవు. మొత్తం వేసవి టోర్నమెంట్లకు తిప్పే బదులు స్కౌట్లు ఎక్కువగా వచ్చే రెండు మూడు చోట్లు ఎంచుకుని, మిగతా ఫుట్‌బాల్‌కు వదిలేయండి. 20 నుంచి 80 స్కేల్ మీద మార్కులేసే స్కౌట్‌కు రెండాటల కుర్రాడి అనుభవలేమి కొత్త విషయం కాదు. పరుగు వేగం, చేతి బలం, బంతి బ్యాట్‌ను వదిలే వేగం చూసుకుంటాడు.

ఫుట్‌బాల్ సంతకాలు డిసెంబర్ మొదటి వారంలో జరుగుతాయి. ఆ వెంటనే కాలేజీ కోచ్ "జనవరిలోనే వచ్చి చేరు, వసంత ప్రాక్టీసులు దొరుకుతాయి" అంటాడు. క్వార్టర్‌బ్యాక్‌కు అది నిజంగా లాభమే. కానీ అలా ముందే చేరితే రెండు పోతాయి. సీనియర్ ఏడాది హైస్కూల్ బేస్‌బాల్ సీజన్ పోతుంది. నాలుగేళ్ల కాలేజీలో చేరిపోయాడు కాబట్టి ఆ జూలై డ్రాఫ్ట్ అర్హతా పోతుంది. బేస్‌బాల్ క్లబ్‌ల చేతిలో బేరం పెట్టే శక్తి ఒక్క సంతకంతో ఆవిరవుతుంది. ఇది తెలిసి వదులుకోవడం వేరు, జనవరిలో డార్మ్‌లో సామాన్లు సర్దుతూ తెలుసుకోవడం వేరు.

మెట్టు 5: కాలేజీలను అడగాల్సినవి

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో రాజీ) తర్వాత లెక్క మారింది. అందులో చేరిన యూనివర్సిటీలు 2025–26లో దాదాపు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచొచ్చు, ఆదాయ వాటా అనేది దీన్నే. స్కాలర్‌షిప్ సంఖ్యకు పరిమితి పోయి జట్టు సైజుకు పరిమితి వచ్చింది: ఫుట్‌బాల్ 105, బేస్‌బాల్ 34. ఇదివరకు బేస్‌బాల్ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, తలా కొంచెం పంచేవాళ్లు. అందుకే రెండాటల పిల్లలు పూర్తి స్కాలర్‌షిప్ కోసం ఫుట్‌బాల్ పేరు మీద చేరేవాళ్లు. సెటిల్‌మెంట్‌లో చేరని కాలేజీల్లో పాత లెక్కే నడుస్తుంది. ఐవీ లీగ్‌లో, డివిజన్ 3లో ఆట స్కాలర్‌షిప్‌లు అసలు లేవు.

కోచ్‌తో కూర్చున్నప్పుడు ఇవి అడగండి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి:

– మీ యూనివర్సిటీ సెటిల్‌మెంట్‌లో చేరిందా? పిల్లవాడు ఏ జట్టు లెక్కలోకి వస్తాడు, రెండింట్లోనా?
– డబ్బు ఏ ఆట ఖాతాలోంచి? ఆ ఆట మానేస్తే స్కాలర్‌షిప్ ఉంటుందా?
– ఫిబ్రవరి మధ్య నుంచి బేస్‌బాల్ సీజన్, వసంతంలో 15 ఫుట్‌బాల్ ప్రాక్టీసులు. ఢీకొన్న రోజు ఎవరి మాట చెల్లుతుంది?
– గత ఐదేళ్లలో ఇక్కడ రెండూ ఆడినవాళ్లు ఎవరు? వాళ్లు రెండో ఏడాది కూడా రెండూ ఆడారా?
– ఆదాయ వాటా ఒప్పందంలో, మధ్యలో వేరే కాలేజీకి మారినా, బేస్‌బాల్ సంతకం చేసినా వెనక్కి కట్టాల్సింది ఎంత?

నాలుగో ప్రశ్నే అసలు పరీక్ష. రిక్రూటింగ్ గదిలో "తప్పకుండా రెండూ ఆడొచ్చు" అనని కోచ్ ఉండడు. జేమిస్ విన్‌స్టన్ ఫ్లోరిడా స్టేట్‌లో రెండూ ఆడాడు నిజమే, కానీ అతడు జట్టుకు అవసరమైన క్వార్టర్‌బ్యాక్. మూడో వరసలో ఉన్న కుర్రాడు వసంతంలో బేస్‌బాల్‌కు వెళ్తే నాలుగో వరసకు జారతాడు. పైగా హామీ ఇచ్చిన కోచ్ రేపు వేరే యూనివర్సిటీకి పోవచ్చు.

మెట్టు 6: వీసా ఉన్న ఇళ్లు దీన్ని ముందు చూసుకోవాలి

పిల్లవాడు పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే ఈ భాగం దాటేయండి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే ఆగి చదవండి.

హెచ్-4 పిల్లలకు పనిచేసే అనుమతి లేదు. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. పేరు, ఫొటో వాడుకున్నందుకు వచ్చే డబ్బు, ఆదాయ వాటా, ప్రో కాంట్రాక్టు మాత్రం పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. 21 నిండితే హెచ్-4 పోతుంది, చాలామంది విద్యార్థి వీసా ఎఫ్-1కు మారతారు. ఎఫ్-1 మీద కూడా ఈ సంపాదనకు స్పష్టమైన దారి లేదు. ఒక్క సోషల్ మీడియా పోస్టుకు తీసుకున్న రెండు వందల డాలర్లు స్టేటస్ మీదకు రావచ్చు. ఇల్లంతా ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) దాఖలు చేసి ఉంటే, పిల్లవాడి పేరు మీదా ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చి ఉంటే, పరిస్థితి చాలా తేలిక. బేస్‌బాల్ క్లబ్ తీసుకుంటే ఆటగాళ్లకిచ్చే పీ-1 వీసాకు క్లబ్బే దరఖాస్తు చేస్తుంది. 2006లో వచ్చిన చట్టం వల్ల మైనర్ లీగ్ ఆటగాళ్లకూ ఆ వీసా వర్తిస్తుంది. ఆట లాయరును కలిసే ముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. జూనియర్ ఏడాదిలోనే, డ్రాఫ్ట్ వారంలో కాదు.

మెట్టు 7: ఆ ఒక్క అంకె

ప్రతి స్కౌట్ ఏదో ఒక రోజు మీ హాల్లో కూర్చుని అడిగే ప్రశ్న ఒకటే: "కాలేజీ వదలాలంటే ఎంత కావాలి?" తడుముకుంటే డ్రాఫ్ట్‌లో పేరే రాకపోవచ్చు. ఎందుకో తెలియాలంటే క్లబ్ గల్లాపెట్టె ఎలా నడుస్తుందో చూడాలి.

మొదటి 10 రౌండ్లలో ప్రతి ఎంపికకూ ఒక నిర్ణీత విలువ ఉంటుంది. వాటి మొత్తమే ఆ క్లబ్ బోనస్ కుండ. దాన్ని 5 శాతం లోపు దాటితే, దాటిన సొమ్ముపై 75 శాతం పన్ను. 5 శాతం మించితే రాబోయే మొదటి రౌండు ఎంపికే పోతుంది, కాబట్టి ఏ క్లబ్బైనా ఆ గీత దగ్గర ఆగుతుంది. ఎంపిక చేసినవాడు సంతకం చేయకపోతే ఆ విలువంతా కుండలోంచి మాయమవుతుంది. అందుకే ఒప్పుకుంటాడో లేదో తెలియని కుర్రాణ్ణి మొదటి పది రౌండ్లలో ముట్టుకోరు. 11వ రౌండు నుంచి 1.5 లక్షల దాకా ఇచ్చేది కుండలోకి రాదు, పైబడింది వస్తుంది.

ఇందులో అవకాశమూ ఉంది. 2025లో మొదటి ఎంపిక విలువ 1.1 కోట్ల డాలర్ల పైమాటే. వాషింగ్టన్ నేషనల్స్ హైస్కూల్ ఆటగాడు ఈలై విలిట్స్‌ను 82 లక్షలకు ఒప్పించి, మిగిలింది తర్వాతి రౌండ్లలో వాడుకోగలిగింది. అలా మిగిల్చిన డబ్బు రెండాటల పిల్లవాడి దగ్గరకు వస్తుంది. మూడో రౌండులో తీసుకుని మొదటి రౌండు ధర ఇస్తారు, ఎందుకంటే అతడి చేతిలో ఫుట్‌బాల్ ఉంది. జో మౌర్ 2001లో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ సీటు చేతిలో పెట్టుకునే మిన్నెసోటా ట్విన్స్ దగ్గర 51.5 లక్షలు తీసుకున్నాడు. ఆ బేరం నిలవాలంటే కాలేజీ ఆఫర్ నిజమైనదై ఉండాలి. స్కౌట్లు ఆ ఫుట్‌బాల్ కోచ్‌కు ఫోన్ చేసి కనుక్కుంటారు.

అంకె కట్టే పద్ధతి:

మొదట చేతికొచ్చేది తేల్చండి. 10 లక్షల బోనస్ అనుకుందాం. ఏజెంటుకు 4 శాతం, అంటే 40 వేలు. ఫెడరల్ ఆదాయ పన్ను 3.2 లక్షల ప్రాంతం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 32 వేల పైన. రాష్ట్ర పన్ను లేని టెక్సస్‌లో మిగిలేది 6 లక్షల చిల్లర. కాలిఫోర్నియాలో ఇంకా తక్కువ. బోనస్‌ను ఈ ఏడాది సగం, వచ్చే జనవరిలో సగంగా రాయించుకుంటే పన్ను కొంత తగ్గుతుంది. అడిగితేనే ఇస్తారు.

తర్వాత మైనర్ లీగ్ ఏళ్లు. 2023 ఒప్పందం ప్రకారం ఏడాది జీతం, కింది మెట్టు నుంచి పైకి, కాంప్లెక్స్ లీగ్‌లో 19,800, లో-ఏ 26,200, హై-ఏ 27,300, డబుల్-ఏ 30,250, ట్రిపుల్-ఏ 35,800 డాలర్లు. 18 ఏళ్లకే సంతకం చేస్తే క్లబ్ చేతిలో ఏడేళ్లు ఉండొచ్చు, 19 నిండాక చేస్తే ఆరు. మేజర్ లీగ్ కనీస జీతం 2025లో 7.6 లక్షలు. ఇల్లు అలకగానే పండగ కాదు.

అవతలి పళ్లెంలో కాలేజీ. ఫీజు, వసతి, కాగితం మీద ఉన్న ఆదాయ వాటా మాత్రమే వేయండి. "మన దగ్గర స్టార్లకు బాగా వస్తుంది" అన్న మాటకు విలువ సున్నా.

ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: పిల్లవాడు డబుల్-ఏ దగ్గరే ఆగిపోయి 25 ఏళ్లకు ఇంటికొచ్చినా, ఏ సొమ్ము ఉంటే ఈ నిర్ణయానికి బాధపడం? ఆ సొమ్ముకు పన్నూ, ఏజెంటూ కలిపితే వచ్చేదే మీ అంకె. జనవరిలో రాసుకుని, వసంత సీజన్‌ను బట్టి మే నెలలో ఒక్కసారే సవరించండి. వాడి మనసు ఫుట్‌బాల్‌లోనే ఉంటే అంకె చెప్పడమే అనవసరం, మర్రీలా ముందే తప్పుకోవడం మర్యాద.

మెట్టు 8: సలహాదారు

హైస్కూల్ బేస్‌బాల్ పిల్లవాడు డ్రాఫ్ట్ బేరానికి ఏజెంటును పెట్టుకోవచ్చు. ఫీజు మామూలు రేటున చెల్లించాలి. సంతకం కుదరకపోతే కాలేజీలో చేరేముందే సంబంధం తెంచుకోవాలి. ఏజెంటు దగ్గర భోజనాలు, విమానం టికెట్లు, సామాను పుచ్చుకుంటే అర్హతకు ముప్పు. ఫుట్‌బాల్ వైపు నియమాలు వేరు. ఒకే మనిషి "రెండూ చూసుకుంటా" అంటే ఆ ఒప్పందాన్ని యూనివర్సిటీలో నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు చూపించకుండా సంతకం వద్దు. బోనస్‌లో వాటా వచ్చేవాడు సంతకం వైపే మొగ్గుతాడు, సహజం. పన్నుల లెక్కకు గంట ఫీజు తీసుకునే వేరే మనిషిని పెట్టుకోండి.

మెట్టు 9: డ్రాఫ్ట్ రోజు, తర్వాత

ఫోన్లు ఇలా వస్తాయి: "ఇంకో మూడు ఎంపికల్లో మా వంతు. ఇంతిస్తాం, అవునా కాదా?" జవాబుకు నిమిషమే ఉంటుంది. ఫోన్ ఒక్కరి చేతిలోనే ఉండాలి. పక్క గదిలో బాబాయిలూ మామయ్యలూ సలహాలివ్వొచ్చు, ఫోన్ దాకా మాత్రం రానివ్వకండి.

ఎంపికయ్యాక సంతకానికి జూలై ఆఖరు, ఆగస్టు మొదటి రోజుల దాకా గడువుంటుంది. కాంట్రాక్టులో నాలుగు చోట్లు వేలు పెట్టి చదవండి. ఒకటి, వైద్య పరీక్ష. ఎంఆర్‌ఐ చూసి క్లబ్ అంకె తగ్గించొచ్చు, అందుకే భుజం, మోచేయి పాత రిపోర్టులు ముందే సిద్ధంగా ఉంచుకోండి. రెండు, ఫుట్‌బాల్. మామూలు కాంట్రాక్టు క్లబ్ అనుమతి లేకుండా వేరే ఆట ఆడనివ్వదు. మర్రీకి దొరికిన వెసులుబాటు అడిగి రాయించుకున్నది. మూడు, ఆట మానేస్తే బోనస్‌లో ఎంత వెనక్కివ్వాలి, ఏ తేదీ దాటితే అక్కర్లేదు. నాలుగు, చదువు. హైస్కూల్ నుంచి వెళ్లేవాళ్లు క్లబ్ చేత 8 సెమిస్టర్ల కాలేజీ ఖర్చు రాయించుకుంటారు. సెమిస్టర్‌కు ఎంతో అంకె ఉండాలి, పదేళ్ల తర్వాతి ఫీజులను దృష్టిలో పెట్టుకుని. ఆ డబ్బుపై పన్ను పడుతుంది. ఆట మానేసిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే మురిగిపోతుంది, కాబట్టి క్లబ్ విడుదల చేసిన కాగితం మీది తేదీని, కాంట్రాక్టు ప్రతితో పాటు, ఇంట్లో జాగ్రత్తగా దాచండి.